నేల నాడి

మనవాళ్ళు ఓర్పుకు భూదేవిని ఉపమానం చెబుతారు. ఏ ఇల్లాలినైనా మెచ్చుకోవాలంటే "ఆవిడది భూదేవంత ఓర్పమ్మా" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మాత్రం ఒక చిన్న సందేహం. ముప్పై రెండేళ్ళు కట్టడాలకు లెక్కలు వేసి పొట్టపోసుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను. భూదేవి ఓర్పు అన్నిచోట్లా ఒక్కలాగా ఉండదు. ఒకే ఊళ్ళో, ఒక్కొక్కప్పుడు ఒకే వీధిలో, ఈ చివర ఒక రకంగానూ ఆ చివర ఇంకో రకంగానూ ఉంటుంది. ఇల్లు కట్టుకోబోయేవాడు ఆ సంగతి ముందుగా తెలుసుకోవాలి. గృహప్రవేశమయ్యాక తెలుసుకుంటే చేయగలిగింది తక్కువ.

ఇన్నాళ్ళూ ఇటువంటి మాటలు ఆఫీసు కాగితాల మీద తప్ప ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం మా బావమరిది.

2024 డిసెంబరు 4వ తేదీన, పొద్దున్న ఏడున్నర కావస్తుండగా, ములుగు జిల్లా అడవుల్లో భూమి కదిలింది. పరిమాణం 5.3. అటు హైదరాబాదులోనూ ఇటు విజయవాడలోనూ చాలామందికి తెలిసింది. పెద్ద నష్టమేమీ జరగలేదు. అయితే కాఫీ తాగుతున్నవాళ్ళ చేతిలో గ్లాసులు వణికాయి. ఆ గ్లాసుల్లో మా బావమరిది గ్లాసొకటి. పావుగంట తిరక్కుండా ఫోను చేశాడు.

"బావగారూ, మన ఊళ్ళో భూకంపం వస్తే ఎంత వస్తుందండీ? ఒక్క అంకె చెప్పండి చాలు."

అతను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ప్రపంచంలో ప్రతిదానికీ వడ్డీరేటులాగా ఒక అంకె ఉంటుందని అతని నమ్మకం. కృష్ణ ఒడ్డుకు దగ్గరగా, ఒకప్పుడు చెరకూ పసుపూ పండిన భూమిలో, 300 గజాల స్థలం ఉంది. అందులో కింద కార్లకు స్తంభాల మీద ఖాళీ వదిలి, పైన అయిదు అంతస్తులు వేయాలని సంకల్పం. ఒకటి తమకు, రెండు కొడుకులకు, మిగతా రెండూ అద్దెకు. ఆ అద్దెలు మనవరాలి డాక్టరు చదువుకు. ఉద్యోగమంతా చేసి వెనకేసుకున్నది ఆ స్థలంలో పోయబోతున్నాడు. అందుచేత ఆ ప్రశ్నను నేను నవ్వి వదిలేయలేకపోయాను.

"ఒక్క అంకె లేదయ్యా" అన్నాను.

"అదేమిటండీ! 5.3 అని టీవీలో చెబుతున్నారుగా?"

అది డోలు వాయించినవాడి బలం. పెళ్ళిపందిట్లో డోలు ఎంత గట్టిగా కొట్టారన్నది ఒక లెక్క. నాలుగు వీధుల అవతల మీ ఇంట్లో పడుకున్న పసివాడికి ఆ మోత ఎంత వినిపించిందన్నది ఇంకో లెక్క. మొదటిదానికి అంకె ఒకటే. రెండోది ఇంటింటికీ మారుతుంది. దూరాన్నిబట్టి మారుతుంది, మధ్యలో ఏముందన్నదాన్నిబట్టి మారుతుంది, చివరకు మీ గది గోడలనుబట్టి కూడా మారుతుంది. ఇల్లు కట్టేవాడికి కావలసింది ఆ రెండో లెక్క.

"మా డిజైనులో వేశారండీ. మూడో జోను, 0.16 అని" అన్నాడు అతను, పాసుబుక్కు చదివినట్టుగా.

అదీ నిజమే. మన దేశంలో భూకంపాలకు తట్టుకునే కట్టడాల నిబంధన మొదట 1962లో అచ్చయింది. 2002లో సవరించినప్పుడు దేశాన్ని నాలుగు మండలాలు చేశారు. ఆ పటంలో హైదరాబాదు రెండో మండలం, విజయవాడా ఒంగోలూ మూడో మండలం. మూడోదానికి 0.16. అంటే, మన బరువులో ఇంచుమించు ఆరోవంతు బలం మనల్ని పక్కనుంచి తోయడం. ఈ పటాలు ఊరికే గీసినవి కావు. 1967 మార్చిలో ఒంగోలు ప్రాంతం, 1969 ఏప్రిలులో భద్రాచలం ప్రాంతం కదిలినవే. కాని పటం పటమే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వేలమందిని పొట్టన పెట్టుకున్న కిల్లారి, అప్పటి పటంలో అన్నిటికన్నా తక్కువ ప్రమాదమని గుర్తువేసిన మండలంలోనే ఉంది.

పైగా మండలమంతటికీ కలిపి ఒక అంకె ఇస్తే, మొగల్రాజపురం కొండరాతి మీద ఇల్లుకూ, కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు మీద ఇల్లుకూ అదే అంకె. నిబంధనలో గట్టి నేల, మధ్యరకం నేల, మెత్తని నేల అని మూడు తరగతులున్న మాట వాస్తవమే. కాని నేల రకాలు మూడింటితో అయిపోతాయా? మన చీరల్లో నూలు, పట్టు, మిగతావి అని మూడే రకాలంటే ఆడవాళ్ళు ఊరుకుంటారా?

ఇదంతా ఫోనులో చెబితే అతనికి ఎక్కలేదు. "ఊళ్ళో అందరూ ఇట్లాగే కడుతున్నారుగా" అన్నాడు. అప్పుడు అహ్మదాబాదు సంగతి చెప్పాను.

* * *

2001 జనవరి 26. రిపబ్లిక్ దినం. పొద్దున్న 8 గంటల 46 నిమిషాలకు కచ్‌లోని భచావు దగ్గర భూమి బద్దలైంది. పరిమాణం 7.7. భుజ్, భచావు, అంజార్ నేలమట్టమయ్యాయి. అది ఊహకందేదే, పిడుగు పడ్డచోట చెట్టు కాలుతుంది. ఊహకందనిది అహ్మదాబాదు. అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడి ప్రభుత్వ భవనమొకదానిలో ఉన్న పరికరం నేల కదలికను నమోదు చేసింది. గురుత్వాకర్షణలో నూటికి 11 వంతులైనా లేదు. మా బావమరిది డిజైనులో వేసినదానికన్నా తక్కువన్నమాట! అయినా డెబ్బైదాకా బహుళ అంతస్తుల మేడలు కూలి, ఆ ఒక్క నగరంలోనే ఏడు వందల మందికి పైగా చనిపోయారు.

ఫిబ్రవరిలో మా ఆఫీసు తరఫున నలుగురం అక్కడికి వెళ్ళాం. చూసినవన్నీ రాయలేను. ఒక్కటి మాత్రం చెబుతాను. ఒక మేడలో పై నాలుగు అంతస్తులూ నలగకుండా ఉన్నాయి. కిటికీల అద్దాలు కూడా కొన్ని పగల్లేదు. ఒక బాల్కనీలో ఆరేసిన చీర ఆరేసినట్టే ఉంది. కాని ఆ బాల్కనీ నేలకు మూడడుగుల ఎత్తున ఉంది. కింది కార్ల అంతస్తు కనిపించడంలేదు. స్తంభాలు విరిగి, మేడ మేడంతా ఒక్క అంతస్తు కిందికి కూర్చుంది.

కూలినవాటిలో చాలావరకు కింద ఖాళీ వదిలి పైన నాలుగు అంతస్తులో పది అంతస్తులో వేసినవి. కాంక్రీటు పనిలోనూ ఇనుము కట్టడంలోనూ లోపాలున్నాయి. నేరమంతా నేలమీదికే తోసేస్తే అన్యాయమవుతుంది. కాని నగరం పటం పరిచి కూలిన చోట్లకు చుక్కలు పెడుతుంటే, అవి ఇష్టం వచ్చినట్టు పడలేదు. సబర్మతి ఒకప్పుడు పారి వదిలేసిన దారుల వెంబడీ, పాత చెరువుల దగ్గరా గుంపుకట్టాయి. అక్కడ కింద వందల అడుగుల లోతున ఒండ్రూ ఇసుకా.

అదే నగరంలో కోటలోపలి పాత ఇళ్ళు, సందుల్లో ఒకదానినొకటి ఆనుకుని ఉన్న రెండు మూడంతస్తుల చెక్క దూలాల ఇళ్ళు, చాలావరకు నిలబడ్డాయి. అటువంటి ఇంట్లో ఒక ముసలాయన మాకు చాయ్ ఇచ్చాడు. ఎట్లా ఉందని అడిగితే, అరచేతిని నీళ్ళ మీద పడవలాగా నెమ్మదిగా ఊపి చూపించాడు. దడదడ కాదు, ఊయల. ఆ ముసలాయన చేతి ఊపులో మా శాస్త్రం సగం ఉంది.

* * *

ఊయల సంగతి మీకు తెలియనిది కాదు. పొడుగు తాళ్ళ ఉయ్యాల తీరిగ్గా ఊగుతుంది. పొట్టి తాళ్ళది చకచక ఊగుతుంది. ఎంత బలవంతుడు ఊపినా దాని సొంత తాళం మారదు. ఆ తాళం కనిపెట్టి సరిగ్గా తిరిగి వచ్చేవేళకు ఒక చిన్న తోపు తోస్తే చాలు, చిన్నపిల్ల కూడా పెద్దవాణ్ణి ఆకాశానికెత్తగలదు.

మేడలకూ సొంత తాళం ఉంది. మోటు లెక్కలో అంతస్తుల సంఖ్యను పదితో భాగిస్తే, ఒక ఊపుకు పట్టే కాలం సెకన్లలో వస్తుంది. రెండంతస్తుల ఇంటికి సెకనులో అయిదోవంతు, పదంతస్తుల మేడకు ఒక సెకను. నేలకూ సొంత తాళం ఉంది. ఇది చాలామందికి తెలియదు. రోలునూ, పెరుగు గిన్నెనూ ఒకే బల్ల మీద పెట్టి బల్లను కదిపి చూడండి. రోలు బల్లతోపాటే కదిలి ఊరుకుంటుంది. పెరుగు మాత్రం బల్ల ఆగిన తరువాత కూడా తన పద్ధతిలో తాను తొణుకుతుంది. కొండ రోలు. ఒండ్రు పెరుగు.

ఆ తాళానికి లెక్క సులువు. మెత్తని పొర మందాన్ని నాలుగుతో హెచ్చవేయండి. నేలను పక్కలకు ఊపుతూ పోయే తరంగం, ఇంజనీర్లు షియర్ వేవ్ అంటారు, ఆ పొరలో సెకనుకు ఎన్ని మీటర్లు నడుస్తుందో దానితో భాగించండి. అదే నేల తాళం. ఆ తాళమూ, పైన కట్టిన మేడ తాళమూ కలిశాయో, దూరాన్నుంచి వచ్చిన చిన్న కంపనమే కొండంతలు అవుతుంది.

దీనికి ప్రపంచం మరచిపోలేని పాఠం మెక్సికో నగరంలో జరిగింది. ఆ నగరంలో చాలాభాగం ఒకప్పటి తెష్కోకో సరస్సు అడుగున ఉంది. కింద నీళ్ళు పీల్చుకున్న మెత్తని బంకమట్టి. 1985 సెప్టెంబరు 19 పొద్దున్న, 350 కిలోమీటర్లకు పైగా దూరాన, పసిఫిక్ తీరంలో 8 పరిమాణం గల భూకంపం పుట్టింది. మెక్సికో నగరంలోనే గట్టి నేల మీదున్న విశ్వవిద్యాలయంలో పరికరాలు గురుత్వాకర్షణలో నూటికి 4 వంతులలోపే చూపించాయి. కొద్ది కిలోమీటర్ల అవతల, సరస్సు నేల మీది పరికరం 17 వంతులు చూపించింది. అంటే నాలుగు రెట్లకు పైన.

అక్కడ మెత్తని పొర దాదాపు 38 మీటర్లు. అందులో తరంగం వేగం సెకనుకు దాదాపు 75 మీటర్లు. నాలుగు ముప్పై ఎనిమిదులు 152. దాన్ని 75తో భాగిస్తే రెండు సెకన్లు. ఆ రోజు ఆ నేల రెండేసి సెకన్ల తాళంతో ఊగింది. రెండు సెకన్ల తాళమున్న మేడ మీద పడిన బలం ఇంచుమించు దాని సొంత బరువంత! ఆరు నుంచి పదిహేను అంతస్తుల మేడలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. పది అంతస్తుల మేడ తాళం ఒక సెకను కదా అంటారేమో. మెత్తని నేల మీద మేడ మామూలుకన్నా తీరిగ్గా ఊగుతుంది. దానికి తోడు స్తంభాలు బీటలు వారినకొద్దీ మేడ సడలి తాళం ఇంకా సాగుతుంది. అట్లా సాగి సాగి రెండు సెకన్ల దగ్గరికి వెళ్ళి నేలకు చిక్కింది. పొట్టి ఇళ్ళు చాలావరకు తప్పించుకున్నాయి. 1956లో పూర్తయిన 44 అంతస్తుల లాటినోఅమెరికానా గోపురమూ నిలబడింది. వేలమంది చనిపోయింది మధ్యరకం ఎత్తు మేడల్లో.

అయితే అక్కడ పది అంతస్తులు ప్రమాదం, అయిదు క్షేమం అని రాసిపెట్టుకోవచ్చా? అదీ కుదరదు. 2017లో, మళ్ళీ అదే సెప్టెంబరు 19న, 7.1 పరిమాణంతో ఇంకో భూకంపం వచ్చింది. ఈసారిది నగరానికి బాగా దగ్గర. దగ్గరి కంపంలో చకచక ఊపులు ఎక్కువగా ఉంటాయి. సరస్సు అంచుల్లో, మెత్తని పొర పలచబడిన చోట, నేల తాళం ఒక సెకను దగ్గరగా ఉంది. ఈసారి నాలుగు నుంచి ఎనిమిది అంతస్తులవాటికి ఎక్కువగా మూడింది. కంపం ఎక్కడ పుట్టింది, నేల ఏమిటి, మేడ ఏమిటి, మూడూ కలిపి చూడాలి. అందుకే నేను మా బావమరిదికి ఒక్క అంకె చెప్పలేకపోయాను.

* * *

ఇదంతా విని అతను రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు స్వయంగా ఇంటికే వచ్చాడు. "అయితే మా స్థలంలో ఏమవుతుందో చెప్పే శాస్త్రం ఉందా, లేదా?" అన్నాడు.

ఉంది. కాని జ్యోతిషం కాదు. ఫలానా తేదీన వస్తుందని ఎవరూ చెప్పలేరు. చెప్పేవాడు దొరికితే నమ్మకండి. శాస్త్రం వేసుకునే ప్రశ్నలు మూడు. మొదటిది, మన చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్లలో భూమి పగుళ్ళెక్కడున్నాయి, పూర్వం ఎంతెంత కంపాలు ఎన్నేళ్ళకొకసారి వచ్చాయి? రెండోది, అక్కడ పుట్టిన కంపనం మనదాకా వచ్చేసరికి ఎంత తగ్గుతుంది? ఈ రెండింటినీ సంభావ్యతతో ముడిపెట్టి లెక్కగట్టే పద్ధతిని 1968లో కార్నెల్ అనే అమెరికా ఇంజనీరు ఏర్పరచాడు. ఆ లెక్క ఇట్లా మాట్లాడుతుంది: "రాబోయే 50 ఏళ్ళలో ఇంతకు మించి ఊపు రావడానికి నూటికి పది పాళ్ళు అవకాశం ఉంది." దీన్నే 475 ఏళ్ళ కంపమని కూడా అంటారు. దానర్థం 475 ఏళ్ళకొకసారి పుష్కరాల్లాగా ఠంచనుగా వస్తుందని కాదు. రేపు రావచ్చు, రెండుసార్లు రావచ్చు, మన మనవల కాలంలో అసలు రాకపోవచ్చు. ఇన్సూరెన్సు కంపెనీ మన ఆయుష్షును చూసినట్టు చూడటమన్నమాట.

ఈ రెండు ప్రశ్నలూ గట్టిరాయి దాకా తెస్తాయి. మూడో ప్రశ్న, రాతిమీదికి వచ్చిన ఊపును మన నేల ఏం చేసి పైకి పంపుతుంది? ఇదొక్కటీ మన స్థలంలోనే, మన గడపలోనే తేలాలి. అణువిద్యుత్ కేంద్రాలకూ, పెద్ద ఆనకట్టలకూ, బాగా ఎత్తయిన మేడలకూ ఈ తంతంతా పూర్తిగా చేస్తారు. అయిదంతస్తుల ఇంటికి అంతా అక్కర్లేదు. కాని నేల నాడి మాత్రం చూడవచ్చు.

"ఖర్చెంతవుతుందేమిటి?" అన్నాడు.

"నువ్వు వేయించాలనుకుంటున్న టేకు సింహద్వారానికి అయ్యేదానికన్నా తక్కువే."

అతను ఆ మాటకు లొంగాడు.

ఒక ఆదివారం పొద్దున్న కుర్రాళ్ళు ముగ్గురు వచ్చారు. నేలమీద వరసగా 24 చిన్న పరికరాలు గుచ్చి వైర్లు కలిపారు. వరస చివర ఇనుప పలక పెట్టి దానిమీద పెద్ద సుత్తితో కొట్టారు. ఆ దెబ్బ అలలాగా నేలలో నడిచి ఒక్కో పరికరాన్ని ఎప్పుడు తాకిందో కంప్యూటరు రాసుకుంటుంది. దాన్నిబట్టి ఏ లోతులో వేగమెంతో తీస్తారు. పై 30 మీటర్ల సగటు వేగం సెకనుకు 760 మీటర్లు దాటితే రాయికింద లెక్క. 180 లోపైతే బాగా మెత్తన. ఇంకో మూల బోరు దింపి, 63.5 కిలోల బరువును 75 సెంటీమీటర్ల ఎత్తునుంచి వేస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టారు. ఇరుగుపొరుగు వాళ్ళు నీళ్ళ బోరనుకుని ఎన్ని అడుగుల్లో పడిందని అడిగి వెళ్ళారు. మా చెల్లెమ్మ, అంటే అతని భార్య, అందరికీ మజ్జిగ పంపింది.

ఫలితం నెలలోపల వచ్చింది. దాదాపు 30 మీటర్ల దాకా ఒండ్రూ బంకమట్టీ. సగటు వేగం సెకనుకు 200 మీటర్లు. ఆ కింద రాయి. తడి ఇసుక కంపనంలో బురదనీళ్ళయిపోయే ప్రమాదం ఒకటుంటుంది. అదృష్టవశాత్తు ఇక్కడ ఇసుక పొర పలచగా, గట్టిగా ఉంది. నేల తాళం నాలుగు ముప్పైలను 200తో భాగిస్తే 0.6 సెకను. ఇప్పుడు మేడ తాళం చూడండి. కిందిదానితో కలిపి 18 మీటర్ల ఎత్తు. నిబంధనలో ఇచ్చిన సూత్రం ప్రకారం, గోడల సాయం లేని స్తంభాల మేడకు 0.65 సెకను.

0.6, 0.65. బ్యాంకు మనిషికి ఆ రెండంకెలూ పక్కపక్కన చూపిస్తే చాలు. ముఖం మారింది.

"అయితే ఒక అంతస్తు తగ్గిస్తానండీ. ఒక అద్దె పోతే పోయింది."

"ఆగవయ్యా. తగ్గిస్తే 15 మీటర్లు. తాళం 0.57. నేలకు ఇంకా దగ్గరవుతావు!"

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. లెక్కల్లో నాకు నచ్చనిదీ, నేను గౌరవించేదీ ఇదే. మన త్యాగాలను అది పట్టించుకోదు.

వేరే చోట్ల నమోదైన కంపనాలు ఏడెనిమిదింటిని తీసుకుని, మన ప్రాంతపు అంచనాకు సరిపడేట్టు సవరించి, కంప్యూటరులో ఆ రాతిపొర కిందినుంచి పైకి నడిపించారు. గట్టిగా ఊపినప్పుడు ఒండ్రు కొంత మెత్తబడి ఊపులో కొంత భాగం తానే మింగేస్తుంది. అదీ లెక్కలో కలిపారు. చివరకు తేలిన గీతలో, అర సెకనుకూ 0.8కీ మధ్య తాళమున్న కట్టడం మీద, నిబంధనలోని మెత్తని నేల గీత చెప్పేదానికన్నా మూడోవంతు ఎక్కువ బలం పడుతోంది. దానికి దిగువన, 0.4 లోపల, నిబంధనకు మించి లేదు.

కనుక దారి ఒకటే. మేడను బిగించి, తాళాన్ని చిన్నది చేసి, ఆ గండం చోటునుంచి తప్పించాలి. అంటే పునాదినుంచి పైదాకా రెండు దిక్కులా కాంక్రీటు గోడలు. ముఖ్యంగా కార్ల అంతస్తులో. అక్కడ నాలుగు గోడలు లేస్తే రెండు కార్ల చోటు పోతుంది. పునాది బలపడాలి, ఇనుము పెరగాలి. ఆ ఖర్చుకు మనవరాలి చదువుకని దాచిన ఫిక్సెడ్ డిపాజిట్టు ఒకటి గడువుకు ముందే విప్పాలి.

బిల్డరు ఒప్పుకోలేదు. "ఈ లైన్లో ఇన్ని బిల్డింగులు లేచాయి సార్. ఇట్లా అడిగినవాడు ఒక్కడు లేడు. ఇది హిమాలయం కాదు, బెజవాడ" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. మన దగ్గర పెద్ద కంపం వచ్చే అవకాశం హిమాలయాలతో పోలిస్తే బహు తక్కువ. ఆ మేడలన్నీ నూరేళ్ళు చల్లగా నిలవవచ్చు కూడా. ఆ సంగతి నేను బావమరిదికి దాచకుండా చెప్పాను. చదువు డబ్బు తీసి గోడలో పోయమని నోటితో చెప్పడం తేలిక కాదు. పైగా రాతిలో పుట్టే కంపాన్ని గురించి మనకున్న లెక్కలో సందేహాల పాలు తక్కువేమీ కాదు. ఉన్నదున్నట్టు చెప్పి, నిర్ణయం అతనికి వదిలేశాను.

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న చెల్లెమ్మ అడిగింది. "అన్నయ్యగారూ, ఆ గుజరాత్ మేడలో కూర్చుండిపోయింది కింద అంతస్తేనా?"

"అవునమ్మా."

"సాయంత్రంపూట పిల్లలు ఆడుకునేది అక్కడే కదండీ."

ఆ మాట తరువాత ఎవరూ లెక్కలు మాట్లాడలేదు. మర్నాడే అతను బ్యాంకుకు వెళ్ళి డిపాజిట్టు విప్పించుకొచ్చాడు. గడువుకు ముందు విప్పినందుకు వడ్డీ ఎంత కోసుకున్నారో పైసలతో సహా నాకు చెప్పాడు. టేకు సింహద్వారం మామూలు తలుపయింది. పాలరాయి బదులు టైల్సు వచ్చాయి. మనవరాలి చదువుకు అవసరమైతే అప్పు తీసుకుంటామని, చదువుకు అప్పిస్తారు కాని కూలిన ఇంటికి ఎవరిస్తారని, అతనే సమాధానం చెప్పుకున్నాడు.

ఇల్లు కట్టబోయే పాఠకులు నన్నడిగితే చెప్పేది ఇంతే. ఇంజనీరును "భూకంపానికి తట్టుకుంటుందా?" అని అడగకండి, తట్టుకుంటుందనే చెబుతాడు. నా స్థలంలో ఎంత లోతున గట్టినేల ఉంది? ఆ నేల తాళమెంత, నా మేడ తాళమెంత? కింద కార్లకు వదిలిన చోట గోడలేవి? ఈ మూడూ అడగండి. ఫ్లాటు కొనేవాళ్ళు కూడా అడగవచ్చు. మట్టి పరీక్ష రిపోర్టు చూపించమనండి. స్థలం ఒకప్పుడు చెరువో, వాగో, మెరకపోసిన పల్లమో అయితే ఊళ్ళో పెద్దవాళ్ళకు తప్పక గుర్తుంటుంది. ఆ వాకబుకు ఖర్చు కూడా లేదు. పిల్ల సంబంధానికి మూడు తరాలు విచారించే మనం, మూడు తరాలు ఉండబోయే నేలను గురించి ఒక్క పూట విచారిస్తే తప్పేముంది?

మొన్న మేడ చూడటానికి వెళ్ళాను. కింది అంతస్తు స్లాబు పడింది. నాలుగు గోడలూ మనిషి జానెడు మందాన, ఇనుము దట్టంగా కట్టి పోసినవి, నిటారుగా నిలబడి ఉన్నాయి. ఎవరో బంధువులు వస్తే మా బావమరిది తీసుకెళ్ళి వాటిని అరచేత్తో తట్టి చూపిస్తున్నాడు. "స్థలం 0.6, మేడ 0.65 అని తేలిందండీ. అందుకని నేనే ఆలోచించి ఇవి వేయించాను" అంటున్నాడు.

నేను పక్కనే ఉన్నాను. మాట్లాడలేదు. చెల్లెమ్మ నాకేసి చూసి, నవ్వాపుకుంటూ కాఫీ తేవడానికి వెళ్ళింది.